ఒసాకాలో మూడు రోజులు: రోజుకు ఒక్క వైపే

జపాన్‌లోని ఒసాకాను తీరిగ్గా చూడాలంటే రోజుకు ఒక్క వైపే వెళ్లాలి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారికి మేం చెప్పే మొదటి మాట ఇదే.

బస: నంబా దగ్గర దిగితే మేలు. కన్సాయ్ విమానాశ్రయం నుంచి నన్‌కాయ్ రైలు నేరుగా అక్కడికే వస్తుంది. ఊరికి ఉత్తర, దక్షిణాలను కలిపే మిదోసుజి మెట్రో కూడా అక్కడ ఆగుతుంది. ఇకోకా కార్డు ఉంటే ప్రతిసారీ టికెట్టు కొనే పని లేదు.

మొదటి రోజు: ఒసాకా కోట. 1583లో తొయొతొమి హిదెయొషి దీని నిర్మాణం మొదలుపెట్టాడు. ఇప్పుడున్న ప్రధాన భవనాన్ని 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టారు. లోపల లిఫ్టు ఉంది. స్టేషన్ నుంచి అక్కడిదాకా నడక మాత్రం ఎక్కువే. ఉదయమే బయల్దేరండి.

రెండో రోజు: తెన్నోజి వైపు. 593లో స్థాపించినట్టు చెప్పే షితెన్నోజి బౌద్ధాలయం చూసి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకోండి.

మూడో రోజు: పగలు బజారు పనులు, చీకటి పడ్డాక దోతొన్‌బొరి కాలువ గట్టున దీపాల వెలుగు.

భోజనం: శాకాహారులకు అసలు చిక్కు ఇక్కడే. కూరగాయల వంటకాల్లోనూ, నూడుల్స్ పులుసులోనూ ఎండుచేపతో కాచిన దాషి కలుస్తుంటుంది. మాంసం లేదంటే సరిపోదు, దాషి ఉందా అని విడిగా అడగాలి. తకొయాకి ఉండల్లో ఉండేది ఆక్టోపస్. పెద్దల కోసం కాస్త అటుకులు, పచ్చడిపొడి వెంట ఉంచుకోండి.