తేటపడ్డ నీళ్లు

చరిత్ర అనగానే మనకి కోటలూ, యుద్ధాలూ గుర్తుకొస్తాయి. మా కృష్ణా డెల్టా చరిత్ర మాత్రం మంచినీళ్ల బిందె దగ్గర మొదలుపెట్టాలంటాను నేను.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవనీళ్లు పొలాలతోపాటు ఊరి చెరువుల్నీ నింపాయి. ఎండాకాలం కాలవలు కట్టేస్తే బందరు, గుడివాడ వైపు పల్లెలకి ఆ చెరువులే దిక్కు. బిందెలో ఇండుపగింజ అరగదీసి, మడ్డి కిందికి దిగాక తేటనీళ్లు వంచుకునేవారు ఆడవాళ్లు. నేర్పయిన పనే! కాని తేటపడ్డ నీళ్లన్నీ మంచినీళ్లు కావు కదా.

పైగా మాది ఉప్పెనల సీమ. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ వంతొచ్చింది. సర్కారు లెక్కే పదివేలు. ఉప్పెన తీశాక బతికినవాళ్లకి గుక్కెడు మంచినీళ్లు కరువు. రోగాలు పొంచి ఉండేది అక్కడే.

వాటిలో రక్తవిరేచనాలొకటి. 1897లో జపానులో ఈ జబ్బు 90,000 మందికి పైగా సోకి, అయిదుగురిలో ఒకరిని తీసుకుపోయింది. కియోషి షిగా అనే యువ వైద్యుడు ఆ క్రిమిని అప్పుడే పట్టుకున్నాడు. ఆయన పేరునే దాన్ని షిగెల్లా అన్నారు. వంద క్రిములు లోపలికి పోయినా చాలు, పేగుగోడలోకి దూరి పుళ్లు చేస్తాయి. వాటిలో అతి దుష్టమైన రకం విషం కూడా కక్కుతుంది. ఆ విషంలో ఒక భాగం జీవకణాన్ని పట్టుకుంటే, రెండోది లోపలికి పోయి మాంసకృత్తులు తయారయ్యే పనిని ఆపేస్తుంది. వంటింట్లో పొయ్యి ఆర్పేసినట్టన్నమాట! కణం చచ్చిపోతుంది. సన్నని రక్తనాళాలు పాడవుతాయి. పసిపిల్లల్లో ఒక్కోసారి మూత్రపిండాలూ దెబ్బతింటాయి. విరేచనాలు తగ్గుముఖం పట్టాయనుకునేలోగా పిల్లాడు పాలిపోతాడు, మూత్రం తగ్గిపోతుంది.

కలరా విషం తీరు వేరు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే దాని గుట్టు విప్పాడు. అది కణాన్ని చంపదు, ఒంట్లో నీరంతా పేగుల్లోకి తోడేస్తుంది. అందుకే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు అక్కడ ప్రాణం పోస్తాయి. నెత్తురు పడితే మాత్రం ఆ నీళ్లు తాగిస్తూనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మనమేమో "వేడి చేసింది, దిష్టి తగిలింది" అని రెండు రోజులు గడిపేస్తాం. పైగా లంఖణం ఒకటి! ఆ రెండు రోజులే పసివాడికి ప్రాణాంతకం కావచ్చు. నీళ్లు కాచి చల్లార్చడం, దొడ్డికెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగడం ఏ చరిత్ర పుస్తకంలోనూ ఎక్కని పనులే. అయినా ఎందరు పిల్లలు పెరిగి పెద్దయ్యారన్న లెక్క వాటిమీదే ఆధారపడి ఉంది.