నెల తప్పిన తరువాత: గర్భనిర్ధారణ చరిత్రలో రక్తసాక్ష్యం

తెలుగులో గర్భం ధరించడాన్ని తెలిపే పలుకుబడులలో 'నెల తప్పడం' విశిష్టమైనది. రావలసినది రాకపోవడమే ఇందులో సాక్ష్యం. గర్భధారణను 'నీళ్లు పోసుకోవడం' అనీ, ప్రసవాన్ని 'నీళ్లాడడం' అనీ వ్యవహరించిన భాషలోనే, ఈ రెంటికీ ముందుండే అనిశ్చిత దినాలకు స్థిరమైన పేరు కనిపించదు. నెల తప్పిందా, ఆలస్యమైందా అన్నది తేలని ఆ దినాలలో రక్తం కనిపించడాన్నీ కనిపించకపోవడాన్నీ ఎవరెలా చదివారో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సందేహానికి మూలం శరీరంలోనే ఉంది. రొమ్ముల సలుపు, నడుము నొప్పి, పొత్తికడుపులో లాగుతున్నట్లుండడం, అలసట, చిరాకు ముట్టుకు ముందూ కలుగుతాయి, గర్భారంభంలోనూ కలుగుతాయి. అండం విడుదలైన తరువాత అండాశయంలో ప్రొజెస్టిరాన్ హార్మోను తయారవుతుంది. గర్భం నిలవకపోతే దాని మోతాదు పడిపోయి రక్తస్రావం మొదలవుతుంది. నిలిస్తే ఆ హార్మోను స్రావమే కొనసాగుతుంది. అందువల్ల తొలి వారాలలో లక్షణాలను బట్టి ఈ రెండు స్థితులను వేరు చేయడం స్త్రీకి గాని వైద్యునికి గాని సాధ్యం కాదు.

ప్రాచీన వైద్య గ్రంథాలు ఈ చిక్కును గుర్తించాయి. చరక సంహిత శారీరస్థానంలో గర్భలక్షణాల పట్టిక ఆర్తవాదర్శనంతో, అంటే ఋతురక్తం కనిపించకపోవడంతో మొదలవుతుంది. నోట నీరూరడం, అన్నం సహించకపోవడం, వాంతులు, పులుపు మీద కోరిక, చనుమొనల చుట్టూ నలుపు తరువాత వస్తాయి. సుశ్రుత సంహిత అప్పుడే గర్భం ధరించిన స్త్రీకి అలసట, దప్పిక, తొడల నిస్సత్తువ వంటి గుర్తులు చెప్పింది. వీటిలో చాలావరకు ఏ స్త్రీకైనా ఏ నెలలోనైనా కలగగలవి. కాబట్టి ఈ పట్టికలను ప్రాచీనుల జ్ఞానానికి నిదర్శనాలుగా ఏకరువు పెట్టడం కన్నా, పట్టికలను దాటి వారు వ్యక్తం చేసిన అనుమానాన్ని గమనించడం ఎక్కువ ప్రయోజనకరం.

శారీరస్థానం రెండవ అధ్యాయంలో చరకం ఒక విలక్షణమైన సందర్భాన్ని ప్రస్తావించింది. వాతం వల్ల రక్తం నిలిచిపోయిన స్త్రీని అవివేకులు గర్భవతి అనుకుంటారు. ఎండ, శ్రమ, శోకం, వేడి ఆహారం వంటి కారణాలతో ఆ రక్తం స్రవించినప్పుడు, పిండం కనిపించకపోవడంతో భూతాలు గర్భాన్ని అపహరించాయని కొందరు ప్రచారం చేస్తారు. చరకం ఈ మాటను ఒప్పుకోదు. చికిత్సాస్థానంలోని రక్తగుల్మ ప్రకరణం ఇంకా ఆసక్తికరం. ఋతురక్తం నిలిచి, గర్భలక్షణాలు తోచి, కడుపులో గడ్డ పెరిగే ఈ వ్యాధిలో కదలిక అంగాంగాలుగా కాక ముద్దగా తెలుస్తుంది. పది నెలలు గడిచిన తరువాతే చికిత్స చేయాలన్నది గ్రంథ నిర్దేశం. గర్భమేమోనన్న శంక పూర్తిగా తీరేవరకు వైద్యుడు చేయి పెట్టరాదన్న జాగ్రత్తగా దీనిని అర్థం చేసుకోవచ్చు. గర్భవతికి రక్తం కనిపించే సందర్భాలను సైతం శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం వేరుగా చర్చించింది. అంటే రక్తం ఆగితే గర్భమేననీ, కనిపిస్తే గర్భం లేదనీ ఈ గ్రంథం తీర్పు చెప్పలేదు.

గర్భం నిలిచే దినాల లెక్కలో మాత్రం ప్రాచీనులకు ఇంత జాగ్రత్త లేదు. ఋతుకాలాన్ని సుశ్రుతం పన్నెండు రాత్రులుగా, మనుస్మృతి పదహారు రాత్రులుగా చెప్పాయి. ఇవి ముట్టు నుండి ముందుకు లెక్కించే గడువులు. అండోత్సర్గం తరువాతి ముట్టుకు సుమారు రెండు వారాల ముందు జరుగుతుందనీ, కనుక లెక్క వెనుకకు సాగాలనీ 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ చూపారు.

ప్రయోగశాల ఈ చరిత్రలోకి వచ్చింది కూడా ఆ దశాబ్దంలోనే. బెర్లిన్‌లో సెల్మర్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ స్త్రీ మూత్రాన్ని ఎదగని ఆడ ఎలుకపిల్లలకు ఎక్కించి, కొన్ని రోజుల తరువాత వాటిని కోసి అండాశయాలను పరిశీలించే పరీక్షను రూపొందించారు. 1930లలో ఎలుకలకు బదులు జెనోపస్ కప్పలు వచ్చాయి. గర్భవతి మూత్రం ఎక్కించిన కప్ప గంటల వ్యవధిలో గుడ్లు పెట్టేది. 1960లో స్వీడన్‌కు చెందిన వైడ్, గెమ్‌జెల్ ప్రాణుల అవసరం లేని రోగనిరోధక పరీక్షను ప్రకటించారు. పద్ధతులు మారినా ఇవన్నీ వెదికింది గర్భం నిలిచాకే పుట్టే హెచ్‌సీజీ హార్మోనును. రక్తం సాక్షిగా నిలవవలసిన అవసరం ఇక్కడితో తీరిపోవలసింది.

తీరలేదు. 1950ల చివరి నుండి ప్రిమోడోస్ వంటి హార్మోను మాత్రలు గర్భపరీక్ష పేరుతో అమ్ముడయ్యాయి. మాత్రలు మింగిన కొద్ది రోజులకు రక్తస్రావమైతే గర్భం లేదని, కాకపోతే ఉందని నిర్ణయం. చరకం అవివేకమన్న తర్కమే మాత్ర రూపంలో మళ్లీ ప్రవేశించింది. పైగా గర్భం ఉన్న స్త్రీ శరీరంలోకి అవసరం లేని హార్మోనును పంపింది. ఈ మాత్రలకూ శిశువులలో వెన్నుపూస లోపాలకూ సంబంధం ఉండవచ్చని ఇసబెల్ గాల్ 1967లో హెచ్చరించారు. బ్రిటన్‌లో ప్రిమోడోస్ అమ్మకం 1978 వరకు సాగింది. శాస్త్రీయంగా కార్యకారణ సంబంధం నేటికీ వివాదాస్పదమే. కాని 1967లోనే వాటిని ఉపసంహరించి ఉండవలసిందని అక్కడి అధికారిక సమీక్ష 2020లో అభిప్రాయపడింది. భారతదేశంలో అధిక మోతాదు ఈస్ట్రోజన్-ప్రొజెస్టిరాన్ మందులు గర్భపరీక్షకే కాక, ఆగిన ముట్టును తెప్పించడానికి, గర్భం పోతుందన్న నమ్మకంతోనూ వాడబడ్డాయి. స్త్రీ సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు సాగించిన సుదీర్ఘ పోరాటం తరువాత 1988లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఈ వ్యవధిలో వాటిని మింగినవారిలో కొందరు తమకు పరీక్ష జరుగుతున్నదనే నమ్మారు.

ఇంట్లోనే చేసుకునే పరీక్షకు నమూనాను 1967లో రూపొందించిన మార్గరెట్ క్రేన్ వైద్యురాలు కాదు, ఒక ఔషధ సంస్థలో పనిచేసిన చిత్రకారిణి. ఫలితాన్ని స్త్రీ తానే ముందుగా తెలుసుకోవడాన్ని ఆ సంస్థలోని వారు తొలుత వ్యతిరేకించారు. అమెరికాలో ఇటువంటి పరీక్ష 1977లో గాని అంగళ్లకు రాలేదు. నేడు తెలుగు పల్లెలలో ఆశా కార్యకర్తల వద్ద లభించే గర్భపరీక్ష కిట్ పేరు 'నిశ్చయ్'. ముట్టు తప్పకముందే పరీక్షిస్తే గర్భమున్నా అది లేదనే చూపవచ్చు. కొద్ది రోజులాగి మళ్లీ చూడవలసి ఉంటుంది. రెండు గీతలు కనిపించినా, గర్భం గర్భాశయంలోనే నిలిచిందో అండవాహికలో నిలిచిందో అవి చెప్పవు. అండవాహికలో నిలిచినప్పుడు ఒకవైపు కడుపునొప్పితో కొద్దిపాటి రక్తం కనిపించవచ్చు. దానిని ఆలస్యంగా వచ్చిన ముట్టుగా భావించి ఇంట్లోనే ఉండిపోయిన స్త్రీకి ఆ పొరపాటు ప్రాణాంతకం కాగలదు.