పంచాయతీలో ఆమె మాట

విడాకుల చట్టం వచ్చాకే మన ఊళ్లలో ఆలుమగలు విడిపోవడం మొదలైందని చాలామంది నమ్ముతారు. నిజం వేరు. బ్రాహ్మణుల వంటి కొన్ని కులాల్లో కట్టిన తాళికి తెంపు లేదు గానీ, సేద్యం, చేతివృత్తులు, కూలినాలి చేసుకుని బతికే చాలా కులాల్లో తెగతెంపులూ ఉండేవి, ఆ తర్వాత మారుమనువులూ ఉండేవి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద వెలువరించిన ఏడు సంపుటాలు తిరగేస్తే ఈ సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. కులపెద్దతో పాటు మరో నలుగురు కూర్చునేవారు. ఓలి (కన్యాశుల్కం) ఎవరు తిరిగివ్వాలి, పెళ్లి ఖర్చు ఎవరి నెత్తిన పడాలి, తప్పు చేసినవారు ఎంత దండుగ కట్టాలి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి అన్నవన్నీ అక్కడే తేలేవి.

ఇంగ్లీషువాళ్ల కోర్టులు కూడా దీన్ని తోసిపుచ్చలేదు. ఒకరి పెళ్లి ఖర్చు మరొకరు ఇచ్చేసి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయి, మళ్లీ పెళ్లాడే ఆచారం ఒక కులంలో ఉంటే అందులో అనైతికం ఏమీ లేదని 1894లో మద్రాసు హైకోర్టు చెప్పింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ కోర్టు పరిధిలోనివే. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం 29వ సెక్షన్‌లో ఆచారం ఇచ్చిన విడాకుల హక్కును అలాగే ఉంచింది. ముస్లిం కుటుంబాల్లో ఈ పద్ధతికి మతగ్రంథమే ఆధారం. భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందనుకుంటే అటు నుంచి ఒకరిని, ఇటు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఖురాన్ చెబుతుంది.

పెద్దమనుషుల పంచాయతీకి ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. వకీలు ఫీజు లేదు, వాయిదాలు లేవు. కూర్చున్నవాళ్లకు రెండు ఇళ్ల గుట్టూ తెలుసు. ఎవరి పొలం ఎంత, ఎవరి అప్పు ఎంత, పిల్లాడు తాగుతాడా లేదా అన్నది రుజువు చేయనక్కర్లేదు.

కానీ ఆ రచ్చబండ మీద కూర్చున్నది మగవాళ్లు. కాపురం చేయాల్సిన మనిషి తరఫున తండ్రో, అన్నో, మేనమామో మాట్లాడేవారు. ఆమె లోపల గదిలోనో, అరుగు చివరో నిలబడి తన బతుకు గురించి జరిగే బేరాన్ని వినేది. దెబ్బలు తిన్న పిల్లకు కూడా చివరికి వినబడే మాట ఒకటే: ‘ఆడపిల్లవి, నువ్వే సర్దుకుపోవాలమ్మా.’ తీర్పు మీరితే కులం నుంచి వెలి. మన దగ్గర కుటుంబ మధ్యవర్తిత్వం చరిత్రంటే, నా దృష్టిలో, ఆమె ఆ గదిలోంచి బయటికి వచ్చి కుర్చీలో కూర్చోవడానికి పట్టిన కాలమే.

ఆ దారి వేసిన వాళ్లలో ఒక రాజమండ్రి అమ్మాయి ఉన్నారు. 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్లనంది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. హిందూ స్త్రీకి విడాకుల చట్టం లేని రోజుల్లో ఆ విడిపోవడం ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే జరిగింది. అందరు ఆడపిల్లలకూ అలాంటి తండ్రి దొరకడు కదా! ఆమె తర్వాత చదువుకుని, ఆంధ్ర మహిళా సభ స్థాపించి, వకీలై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూశారు. తిరిగొచ్చి, ఇవి మనకూ కావాలని ప్రధాని నెహ్రూతోనూ, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ చర్చించారు. 1974లో లా కమిషన్ కూడా కుటుంబ తగాదాలను మామూలు సివిల్ దావాల్లా నడపకూడదంది. చట్టం మాత్రం 1984లో గానీ రాలేదు. అంతకు మూడేళ్ల ముందే, 1981లో, దుర్గాబాయి కన్నుమూశారు.

ఆ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఫ్యామిలీ కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నించాలి. వకీలును పెట్టుకోవడం హక్కు కాదు. కౌన్సిలర్లు ఉంటారు. ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ తలుపులు మూసి జరుగుతుంది. దుర్గాబాయి తొలి అధ్యక్షురాలిగా పనిచేసిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1983లో ఫ్యామిలీ కౌన్సెలింగ్ కేంద్రాలు మొదలుపెట్టింది. అంతకుముందే, హిందూ వివాహ చట్టానికి చేసిన 1976 సవరణతో ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకునే 13బి సెక్షన్ వచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం లోక్ అదాలత్ రాజీకి డిక్రీ హోదా ఇచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు వేసింది. అత్తింటి వేధింపుల మీద అప్పట్లో పెట్టే 498ఎ కేసును రాజీ చేసుకునే వీలు కేంద్ర చట్టంలో ఉండేది కాదు. ఇద్దరూ బయట ఒప్పందానికి వచ్చినా క్రిమినల్ కేసు నడుస్తూనే ఉండేది. 2003లో రాష్ట్రం ఆ నిబంధన సవరించి, కోర్టు అనుమతితో రాజీకి దారి ఇచ్చింది. అయితే కోరిన వెంటనే కాదు, మూడు నెలలు ఆగాల్సి ఉండేది. ఒత్తిడి మీద సంతకం పెట్టిన మనిషి వెనక్కి తగ్గడానికి ఆ మూడు నెలల గడువు చాలా అవసరమయ్యేది.

2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ పెళ్లి 1999 ఏప్రిల్ 25న జరిగింది. మర్నాడే రెండు వైపుల పెద్దల మధ్య మాట పెరిగింది. తిట్టుకున్నారు, ఒకరి మీద ఒకరు చెప్పులు విసురుకున్నారు. 27కల్లా కొత్త దంపతులు ఎవరిదారిన వాళ్లయ్యారు. ఆ తర్వాత పదమూడేళ్లకు పైగా పోలీసు ఫిర్యాదులు, కేసులు, అప్పీళ్లు. కాపురమే మొదలుకాని పెళ్లికి ఇంత వ్యాజ్యం! జోడించాల్సిన పెద్దలే చెప్పులందుకుంటే ఆ జంటకు దిక్కెవరు? సుప్రీంకోర్టు విడాకులిచ్చి, భార్యకు 15 లక్షల రూపాయలు ఇమ్మంది. అక్కడితో ఆగకుండా, మొదట్లోనే ఎవరైనా నెమ్మదిగా కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని గుర్తించి, ఫ్యామిలీ కోర్టులు ఇలాంటి కేసులను మధ్యవర్తిత్వ కేంద్రాలకు పంపాలని దేశమంతటికీ చెప్పింది. రాజీకి అవకాశం కనిపించే 498ఎ కేసుల్లో క్రిమినల్ కోర్టులూ అదే చేయాలంది. కోర్టుకు రాకముందే సంప్రదించే డెస్కులు పెట్టమంది.

ఆ కేంద్రాల్లో పని తీరు రచ్చబండకు భిన్నం. శిక్షణ పొందిన మధ్యవర్తి ఇద్దరితో కలిపి ఒకసారి, విడివిడిగా ఇంకోసారి మాట్లాడతారు. అక్కడ చెప్పింది రేపు కోర్టులో సాక్ష్యం కాదు. నగల జాబితా, కట్నం, పిల్లవాడి స్కూలు ఫీజు, ఆదివారం ఎవరింట్లో ఉండాలి, మెయింటెనెన్స్, గృహహింస (డీవీసీ) కేసుల్లో ఏది ఎప్పుడు ఉపసంహరించుకోవాలి అన్నవి కాగితం మీదికి వస్తాయి. తన మాట ఆమె తన నోటితోనే చెబుతుంది.

నోరు విప్పడానికి భాష కూడా కలిసిరావాలి. 2021 జూలైలో, 21 ఏళ్లుగా నలుగుతున్న ఓ ఆంధ్రప్రదేశ్ జంట కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ప్రభుత్వోద్యోగి అయిన భర్తకు హైకోర్టు తగ్గించిన శిక్షను పెంచమని భార్య కోరింది. వీడియో విచారణలో ఇంగ్లీషులో తన మాట చెప్పలేక ఇబ్బంది పడుతున్న ఆమెతో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తెలుగులో మాట్లాడారు. అతను జైలుకెళితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే నెలనెలా అందే భరణం ఆగిపోతుందని వివరించారు. తననూ కొడుకునూ సరిగా చూసుకుంటే కలిసి ఉండటానికి ఆమె ఒప్పుకుంది. ఆమె సొంత సంపాదన మీద నిలబడిన మనిషైతే అదే జవాబు చెప్పేదా అన్న ప్రశ్న నన్ను వదలదు. మధ్యవర్తి ఎంత మంచివారైనా, ఆకలి భయం ఉన్నచోట ఇద్దరూ సమానంగా బేరమాడలేరు.

పాత పంచాయతీ కనుమరుగు కాలేదు. ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో స్టాంపు పేపర్ మీద ‘ఇకనుంచి మాకూ వీళ్లకూ సంబంధం లేదు’ అని రాసుకుని, సాక్షి సంతకాలతో విడిపోయామనుకుంటున్నారు. ఆచారం వల్ల విడాకులు వచ్చాయంటే ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రుజువు కాకపోతే ఆ కాగితానికి విలువ లేదు, రెండో పెళ్లి చెల్లదు. నష్టపోయేది ఎక్కువగా ఆ రెండో పెళ్లి చేసుకున్న ఆడమనిషే.

2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం ఊరి స్థాయి సామాజిక మధ్యవర్తిత్వాన్ని గుర్తించింది. ఇరుగుపొరుగు కుటుంబాల మధ్య శాంతిని చెడగొట్టే తగాదాల్లో ముగ్గురు మధ్యవర్తులు కూర్చుంటారు. ఆ ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం ఉండదు. ఆ మధ్యవర్తులను ఎంచుకునే జాబితాలో సంఘంలో గౌరవం ఉన్నవాళ్లను చేర్చవచ్చంటున్న చట్టం, స్త్రీల ప్రాతినిధ్యాన్ని మాత్రం ‘పరిగణించవచ్చు’ అని వదిలేసింది. అక్కడ ‘తప్పనిసరి’ అని రాసి ఉండాల్సింది.