ప్యాకేజీ వైరుధ్యాలు: డెస్క్‌టాప్ నవీకరణలో వాటి పరిష్కారం

లినక్స్ కంప్యూటర్ తెరపై కనిపించే ప్యానెళ్లు, మెనూలు, ఫైల్ మేనేజరు, సెట్టింగులు కలిసిన సముదాయాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఇది అనేక ప్యాకేజీలుగా, అంటే ప్రోగ్రామునూ దాని అవసరాల వివరాలనూ కలిపి కట్టిన మూటలుగా అందుతుంది. నవీకరణలో రెండు ప్యాకేజీలు ఒకే ఫైలును తమదిగా చెప్పుకున్నా, ఒకే లైబ్రరీకి, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ సముదాయానికి, పొసగని వెర్షన్లు కోరినా తలెత్తే చిక్కే ప్యాకేజీ వైరుధ్యం.

1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన లినక్స్ వ్యవస్థ డెబియన్‌లో, ఏ ప్యాకేజీకి ఏది అవసరమో, ఏది పడదో ఆ ప్యాకేజీలోనే రాసిపెట్టే పద్ధతి స్థిరపడింది. అయితే అక్కడి డీపీకేజీ అనే సాధనం లోపాన్ని చూపి ఆగిపోయేదే తప్ప, కావలసినవాటిని తానే వెతికి తెచ్చేది కాదు. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలై డెస్క్‌టాప్‌లు విస్తరించాక ఆ వెతుకులాట మనుషులకు భారమైంది. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ దానిని తన మీద వేసుకుంది. ఏ ప్యాకేజీలు కలిసి ఇముడుతాయో తేల్చే ఈ లెక్క పైకి కనిపించేంత సులువైనది కాదు. ప్యాకేజీల పొందికను తేల్చడం గణితశాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠిన సమస్యల కోవకు చెందుతుందని యూరప్‌లో జరిగిన ఎడోస్ పరిశోధన నిరూపించింది. 2008లో మరో లినక్స్ వ్యవస్థ అయిన ఓపెన్‌సూసే 11.0 ఇందుకోసం తర్కసూత్రాల ఆధారంగా పనిచేసే శాట్ సాల్వర్‌ను చేపట్టింది.

2011 ఏప్రిల్‌లో వెలువడిన గ్నోమ్ 3 ఈ చరిత్రలో పెద్ద మలుపు. పాత గ్నోమ్ 2ను కొనసాగించదలచినవారు అవే ఫైలు పేర్లు ఉంచితే రెండూ ఒకే యంత్రంలో ఇమడవు కనుక, మాటే అనే శాఖలో ఫైల్ మేనేజరు నాటిలస్‌ను కాజాగా, టెక్స్ట్ ఎడిటరు జీఎడిట్‌ను ప్లూమాగా మార్చారు. పేరు మార్పుతో వైరుధ్యాన్ని మూలంలోనే తొలగించిన ఈ ఉపాయం ఎంతో మెచ్చదగినది.

తమిళనాడులో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2007లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ సూసే లినక్స్ వైపు మళ్లింది. అదే ఏడాది చెన్నైలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్, డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకం ద్వారా బాస్ ధర్మపురి వంటి జిల్లాల విద్యార్థులకూ చేరింది. ఇలా మరొకదానిపై ఆధారపడిన వ్యవస్థలో, నిర్మాతలు తాము మార్చుకున్న ప్యాకేజీలను మూలవ్యవస్థ కొత్త విడుదలకు తగినట్లు తిరిగి నిర్మించకపోతే అవి పాత లైబ్రరీలను పట్టుకుని ఉండి, మొత్తం డెస్క్‌టాప్ నవీకరణను అడ్డగిస్తాయి.

ఆప్ట్‌లోని సాధారణ అప్‌గ్రేడ్ ఏ ప్యాకేజీనీ తొలగించదు. ఫుల్-అప్‌గ్రేడ్ మాత్రం అవసరమైతే తొలగిస్తుంది కనుక, అది చూపే తొలగింపుల జాబితాను చదవకుండా అంగీకరించడం ప్రమాదకరం. ఒక ఫైలు ఒక ప్యాకేజీ నుంచి మరొకదానికి మారినప్పుడు నిర్మాతలు ఆ సంగతిని బ్రేక్స్, రిప్లేసెస్ అనే వివరాలలో నమోదు చేయడమే సరైన మార్గం. ఒక ప్యాకేజీ ఫైలుపై మరొకదాని ఫైలును బలవంతంగా రాయిస్తే లోపం కప్పబడుతుందే కాని తీరదు. 2038 తరువాతి తేదీలను 32 బిట్ యంత్రాలు గుర్తించేలా 2024లో డెబియన్ అనేక లైబ్రరీల పేర్లకు టీ64 అని చేర్చినప్పుడు, పరీక్షాదశలోని శాఖలలో పాత, కొత్త లైబ్రరీలు ఒకచోట ఇమడక నవీకరణలు చిక్కుపడ్డాయి. అప్పుడు తొందరపడి తొలగింపులకు ఒప్పుకోక, పునర్నిర్మిత ప్యాకేజీలు వచ్చేదాకా ఆగడమే క్షేమమైన మార్గమైంది. ఆ మార్పులు 2025 ఆగస్టు 9న డెబియన్ 13తో స్థిర విడుదలకు చేరాయి.