బ్రిస్టల్ ధ్వనిముద్రణలు (1927): జానపద గీతం – కర్తృత్వం

ఉపోద్ఘాతం:
జానపద గేయానికి కర్త అజ్ఞాతుడు. నోటి నుంచి నోటికి సాగే పాటను పాడిన ప్రతి గాయకుడూ కొంత మార్చుకుంటాడు. ఆ మార్పును ఎవరూ లెక్కించరు. ధ్వనిముద్రణ పరిశ్రమ రాకతో ఈ స్థితి మారింది. గ్రామఫోన్ రికార్డు మీద ఒక పేరు అచ్చు కావాలి, ఆ పేరుకు రాయల్టీ చేరాలి. అమెరికాలోని అపలాచియన్ పర్వత ప్రాంతపు తంత్రీవాద్య సంగీతంలో ఈ మార్పు ఎలా జరిగిందో, అందులో ఎవరి పేరు నిలిచిందో, ఎవరి పేరు మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిస్టల్‌లో పన్నెండు రోజులు:
బ్రిస్టల్ పట్టణం టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దున ఉంది. 1927 జులై 25 నుంచి ఆగస్టు 5 వరకు విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అక్కడ టోపీల కంపెనీకి చెందిన ఒక భవనంలో ధ్వనిముద్రణ జరిపాడు. 19 మంది కళాకారులు, బృందాలు పాడిన 76 గీతాలు ముద్రితమయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే విద్యుత్ మైక్రోఫోన్ వాడుకలోకి వచ్చింది. కొమ్ముబూర ముందు నిలబడి పాడే పాత పద్ధతిలో సరిగా వినిపించని గిటారు, ఆటోహార్ప్ వంటి వాద్యాల మెత్తని నాదం కొత్త యంత్రానికి అందింది.

వర్జీనియాలోని పూర్ వ్యాలీ నుంచి వచ్చిన ఎ.పి. కార్టర్, అతని భార్య సారా, మరదలు మేబెల్ ఆగస్టు 1, 2 తేదీల్లో ఆరు పాటలు పాడారు. పద్దెనిమిదేళ్ల మేబెల్ అప్పుడు గర్భవతి. బొటనవేలితో మంద్ర తంత్రుల మీద పాట వరుసను పలికిస్తూ, మిగిలిన వేళ్లతో లయను నడిపిన ఆమె పద్ధతి తరువాతి గిటారు వాదకులకు ఒరవడి అయింది.

పాట ఆస్తిగా మారిన తీరు:
పీర్ విక్టర్ కంపెనీ నుంచి జీతానికి బదులు పాటల ప్రచురణ హక్కులు తీసుకున్నాడు. గాయకులకు పాటకు 50 డాలర్లు, అమ్ముడైన రికార్డు మీద స్వల్ప రాయల్టీ దక్కేవి. అప్పటికే ఇతరుల హక్కులో ఉన్న పాటతో పీర్‌కు లాభం లేదు. సొంతంగా కట్టినదో, ఎవరూ నమోదు చేయని పాతదో కావాలి. ఫలితంగా పాతపాటల సేకరణ ఒక వృత్తి అయింది. ఎ.పి. కార్టర్ కొండపల్లెలు తిరిగి పాటలు సేకరించాడు. వాటిలో అనేకం రికార్డుల మీద అతని రచనలుగా నమోదయ్యాయి.

లెస్లీ రిడిల్ పాత్ర:
ఈ సేకరణ యాత్రల్లో కార్టర్‌కు తోడుగా నడిచినవాడు టెనెసీలోని కింగ్స్‌పోర్ట్‌లో నివసించిన నల్లజాతి గిటారు వాదకుడు లెస్లీ రిడిల్. కార్టర్ పాట మాటలను రాసుకుంటే, రిడిల్ వరుసను జ్ఞాపకంలో నిలుపుకొని వచ్చేవాడు. మేబెల్ అతని వద్ద వాద్య మెళకువలు నేర్చుకున్నది. అయినా కార్టర్ కుటుంబపు రికార్డుల మీద అతని పేరు లేదు. నల్లవారి సంగీతాన్ని, తెల్లవారి సంగీతాన్ని కంపెనీలు వేర్వేరు జాబితాలుగా అమ్మిన కాలమది. ఆ విభజనలో ఇద్దరి ఉమ్మడి శ్రమకు చోటు లేకపోయింది. 1965లో మైక్ సీగర్ రిడిల్‌ను కలిసి ధ్వనిముద్రణ ప్రారంభించాడు. ఆ ముద్రణలు 1993లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి.

బ్లూగ్రాస్, నూతన ముద్రణలు:
1946లో బిల్ మన్రో బృందం లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్‌లతో చేసిన రికార్డులు బ్లూగ్రాస్ శైలికి రూపమిచ్చాయి. 1961లో ఫ్లాట్, స్క్రగ్స్ మేబెల్‌ను తోడు చేసుకొని కార్టర్ కుటుంబ గీతాలతో ఒక ఆల్బమ్ వెలువరించారు. ఈ పరంపరలో పాటతో పాటు రికార్డు మీది కర్తృనామం కూడా తరువాతి తరానికి సంక్రమించింది.

ఇటీవలి ముద్రణల్లో వేరొక ధోరణి కనిపిస్తుంది. రియానన్ గిడెన్స్, జస్టిన్ రాబిన్సన్‌లు 2025లో బ్యాంజో, ఫిడేలుతో వెలువరించిన ఆల్బమ్‌లో తమ గురువైన నల్లజాతి ఫిడేలు వాదకుడు జో థాంప్సన్ పరంపరను పేరుతో సహా ప్రకటించారు. ఆఫ్రికా మూలాలున్న బ్యాంజోను తెల్లవారి వాద్యంగానే భావించే అలవాటుకు ఇది సమాధానం.

ముగింపు:
అమెరికా చట్టం ప్రకారం 1927లో విడుదలైన ధ్వనిముద్రణలు 2028 జనవరి 1న సార్వజనీనం అవుతాయి. అప్పుడు ఆ ఏడాది విడుదలైన బ్రిస్టల్ రికార్డులను ఎవరైనా అనుమతి లేకుండా పునర్ముద్రించవచ్చు. హక్కు తీరిపోయినంత మాత్రాన చరిత్ర సరికాదు. పాత రికార్డు మీది పేరునే కొత్త ముద్రణ మళ్లీ అచ్చువేస్తే రిడిల్ వంటివారి విస్మరణ కొనసాగుతుంది. రాయల్టీ లెక్క ముగిసే ఆ సందర్భం, పాటను మోసుకొచ్చినవారి పేర్లను దాని పక్కన చేర్చడానికి తగిన సమయం.