జహీరాబాద్ కథ, దాని దిద్దుబాటు

కొత్తగా కథలు రాసేవాళ్లకు వ్యాకరణం నేర్పాలనడంలో పేచీ లేదు. ఎవరి వ్యాకరణం అన్న దగ్గరే పేచీ. జహీరాబాద్ సంగతే చూడండి. అది 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. ఇంట్లో తెలుగు, ఇరుగుపొరుగున కన్నడం, మరాఠీ, కచేరీలో ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ చదువు ఉర్దూలోనే. కాబట్టి తెలంగాణలో తెలుగు రాతను బడికన్నా ఉద్యమమే ఎక్కువగా నిలబెట్టింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక, 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది అందుకే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో కోస్తా పలుకుబడే ప్రమాణమైంది. 'చేసిండు'ను 'చేశాడు'గా మార్చడం కూడా తప్పులు దిద్దడం కిందే చెల్లిపోయింది. వాక్యాన్ని బాగుచేయడం వేరు, మనిషి మాటను మార్చడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడంతోనే కొత్త కథకులకు నష్టం జరిగింది.

మాండలికం పేరుతో ఏ తప్పయినా చెల్లుతుందా అని అడగొచ్చు. చెల్లదు, మాండలికానికీ వ్యాకరణం ఉంది. 'కొడుకు చేన్లకెల్లి వచ్చి అవ్వ బువ్వ పెట్టింది' అన్న వాక్యం ఏ జిల్లాలోనైనా తప్పే. వచ్చింది ఒకరు, పెట్టింది ఇంకొకరు. ఇద్దరి పనులనూ 'వచ్చి' కలపలేదు. 'కొడుకు చేన్లకెల్లి రాంగనే అవ్వ బువ్వ పెట్టింది' అంటే వాక్యం చక్కబడింది, యాస చెక్కుచెదరలేదు. కథనం ఒక కాలంలో మొదలై మధ్యలో ఇంకో కాలంలోకి జారినా, 'ఆమె' అంటే ఎవరో తెలియకపోయినా ఇలాగే దిద్దాలి.

దూరపు పాఠకుడికి అర్థం కాదన్నది ఇంకో అభ్యంతరం. రావిశాస్త్రి పాత్రలు విశాఖ యాసలో మాట్లాడితే తెలంగాణ పాఠకులు చదవలేదా? సందర్భం బలంగా ఉంటే తెలియని మాట దానంతటదే తెలుస్తుంది. యాస బరువైన విషయాలను మోయగలదా అన్న అనుమానానికి జహీరాబాద్ దగ్గరే జవాబుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి మాచునూర్‌లో సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించైనా ఆరోగ్యం గురించైనా వాళ్లు చెప్పేది తమ మాటల్లోనే. అంత పని మోసిన భాష కథను మోయలేదా?

అందుకే కొత్త కథ చేతికొస్తే ముందు చూడాల్సింది ఎవరు, ఏం, ఎప్పుడు చేశారన్నది తేటగా తెలుస్తోందా అని. అది తెలుస్తున్నచోట 'చేసిండు' మీద ఎర్రసిరా పడనక్కర్లేదు.