అమ్మమ్మ రుమాలు

బాలి దీవిలోని తెంగానాన్‌కి నేను ‘గెరింగ్‌సింగ్’ నేత చూడ్డానికే వెళ్లాను. పడుగునీ పేకనీ ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆపైన నేసే పద్ధతి అది. గడప దాటగానే నూనెలో నానిన నూలు వాసన. ఒంగోలు ఇంట్లో అమ్మమ్మ పెట్టె తెరిచినట్టయింది.

ఆ పెట్టెలో చీరాల తేలియా రుమాలుంది. అదీ ఇలాంటి చిటికి నేతే. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టేవారు. అప్పుడే ఎరుపు గట్టిగా పట్టేది. ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి.

నానబెట్టడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం అమ్మమ్మ పని. మగ్గం తాతయ్యది. కార్డులో ఆయన నేతకార్మికుడు, ఈమె గృహిణి.

1866లో ఫోర్బ్స్ వాట్సన్ 18 సంపుటాల్లో 700 భారతీయ వస్త్రాల నమూనాలు అతికించాడు. పొడవు, వెడల్పు, బరువు రాశాడు. నేసినవాళ్ల పేర్లు రాయలేదు. మగవాళ్లకే పేరు దక్కని ఆ చరిత్రలో కండెలు చుట్టినవాళ్లకి చోటెక్కడ?

తెంగానాన్‌లో మాత్రం ముడులు కట్టేదీ, నడుముకి బిగించిన మగ్గం మీద నేసేదీ ఆడవాళ్లే. ఒక పెద్దామె నన్నడిగింది: “మీ ఇంట్లో ఎవరు నేసేవారు?”

“తాతయ్య” అన్నాను. స్త్రీల శ్రమ మీద డాక్టరేటు చేసిన నా నోటి నుంచే, తడుముకోకుండా వచ్చిన జవాబది. చరిత్రలోంచి అమ్మమ్మని తప్పించింది వాట్సన్ ఒక్కడే కాదు. వెంటనే దిద్దుకున్నాను: “అమ్మమ్మా, తాతయ్యా.”